కెమెరా వాటా పోను

ప్లాస్టిక్ జొన్నచేను రెండు లారీల్లో వచ్చింది. అట్టపెట్టెల్లో కట్టలు కట్టి, ఒక్కో కంకికి పల్చటి కాగితం చుట్టి, కొత్త పెళ్లికూతురి నగల్లా భద్రంగా పంపారు. సెట్ మేస్త్రీ మనుషుల్ని పెట్టి వాటిని స్టూడియో వెనక ఖాళీ స్థలంలో ఒక్కొక్కటే పాతించాడు. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. గాలి వచ్చేసరికి సంగతి బయటపడింది. జొన్నచేను గాలికి సరసరమంటుంది. ఇది మాత్రం ఎవరో గాజుల పెట్టె పట్టుకుని పరిగెత్తినట్టు గలగలమంది.

డైరెక్టరమ్మ రెండు చెవులూ మూసుకుంది. నలభై దాటిన మనిషి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. రోడ్డు కింద పొలం పోగొట్టుకున్న ఒక ఆడమనిషి కథను సినిమాగా తీస్తోంది. కథ బరువంతా చివరి సన్నివేశం మీదే ఉంది: కోతకు వచ్చిన చేను మీదికి బుల్డోజర్ రావడం.

"దీన్ని తొక్కిస్తే చూసేవాళ్లు నవ్వుతారు. నిజం చేను కావాలి," అంది.

"ఎక్కణ్ణుంచి తెమ్మంటారు మేడమ్?" అన్నాడు మేస్త్రీ. "చుట్టుపక్కల ఎటు చూసినా ఇళ్లే. ఎక్కడో చేను ఉన్నా, తొక్కుకోండని ఎవరిస్తారు?"

"అయితే ఇక్కడే పండించండి. ఆ సన్నివేశం ఆఖర్న పెట్టుకుంటాను."

మేస్త్రీకి కోట కట్టమంటే వారంలో కడతాడు. రైలు స్టేషన్ అడిగితే రెండు వారాలు. పంట మాట వినేసరికి తల గోక్కుంటూ మా కుట్టు గదిలోకి వచ్చి నా మిషన్ పక్కన కూలబడ్డాడు. నేను ఆ స్టూడియోలో వేషాలకు దుస్తులు కుట్టే పని చేస్తాను.

"మీ అమ్మ వ్యవసాయం చేసేదన్నావు కదూ?" అన్నాడు.

చేసేది. నాన్న పోయాక వాగు పక్కనున్న మా పొలం మొత్తం అమ్మే చూసుకుంది. తర్వాత ఆ పొలం మీదుగా పెద్ద రోడ్డు వేస్తామన్నారు. పంట కోసుకున్నాకే దిగుతామని మాట కూడా ఇచ్చారు. కోతకు మనుషుల్ని మాట్లాడ్డానికి అమ్మ పక్క ఊరు వెళ్లిన పూటే యంత్రం దిగింది. తిరిగొచ్చేసరికి చేను నేలకు అతుక్కుపోయి ఉంది. చుట్టుపక్కల వాళ్లు బురదలో కంకులు ఏరుతూ, "నువ్వూ రా, దక్కినంత ఏరుకో," అని పిలిచారట. "నా చేలో నేను కోస్తాను, ఏరుకోను," అనేసి అమ్మ ఇంటికి నడిచింది. ఆ వారమే పెట్టె సర్దుకుని నగరంలో నా దగ్గరికి వచ్చేసింది. ఈ సంగతంతా నాకు చెప్పింది పక్కింటివాళ్లు. అమ్మ ఎప్పుడూ ఎత్తలేదు.

మేముండేది స్టూడియోకు నాలుగు వీధుల అవతల, మేడ మీద రెండు గదులు. కింద బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం. అమ్మ అందులో ఇస్త్రీ బల్ల దగ్గర పనికి కుదిరింది. అమ్మ చేతి కిందికి వెళ్లిన చొక్కా కాలరు కత్తిలా నిలబడేది. దుకాణం ఆయన పేచీకోరు వాళ్ల బట్టలన్నీ అమ్మకే ఇచ్చేవాడు. పనిలో వంక పెట్టించుకోవడం మా అమ్మ రక్తంలో లేదు.

తొక్కించడం కోసం చేను పండించమని ఆ మనిషినెలా అడగడం? సాయంత్రం అమ్మ దుప్పట్లు మడతపెడుతుంటే, రెండో కొస పట్టుకుని మెల్లగా చెప్పాను. అమ్మ మడత ఆపలేదు.

"ఏ నేల?" అంది.

"అమ్మా, అది తొక్కించడానికే. బుల్డోజర్ తెస్తారు."

"చెవిటిదాన్నా ఏంటి? విన్నాను. ఏ నేలా అని అడుగుతున్నా. ఎర్రదా, నల్లదా?"

నేలంటే రోజూ నడిచేదే అయినా నాకు జవాబు తోచలేదు. మర్నాడు దుకాణంలో చెప్పి అమ్మే వచ్చింది.

స్టూడియో వెనక స్థలంలో ఏళ్ల తరబడి సెట్లు కట్టి కూల్చారు. ప్లాస్టిక్ కంకులు పీకేసిన ఆ స్థలం మధ్య అమ్మ నిలబడి కాలి బొటనవేలితో గీకింది. సుద్దముక్క, తీగముక్క, వంకర మేకు, ఏదో రాజభవనం తాలూకు బంగారు రంగు పెచ్చు ఒక్కటొక్కటే పైకి వచ్చాయి.

"ఇది నేలా? ఎన్ని కొంపలు కూలాయమ్మా ఇక్కడ!" అంది.

డైరెక్టరమ్మ నవ్వింది. "కష్టమంటారా అమ్మగారూ?"

"కష్టం సంగతి నేను చూసుకుంటా. ముందు మాట తేలాలి. ఇక్కడ జొన్న వేస్తాను. కంకి పండాక మీ యంత్రం వస్తుంది, అంతేగా? అది వచ్చేలోపు పంట నేను కోసుకోవాలి."

"కోసేస్తే ఇక తొక్కించడానికి ఏముంటుంది?"

"కంకులే కోస్తా. చొప్ప అలాగే నిలబడి ఉంటుంది. ముందు వరసలు అసలు ముట్టుకోను, కంకులతో సహా మీవే. అది కెమెరా వాటా. వెనకదంతా నాది."

డైరెక్టరమ్మ వేళ్లతో చట్రం కట్టి అటూ ఇటూ చూసుకుంది. "కెమెరా కింద పెడితే వెనక కంకులు లేవని తెలీదు," అని తనలో తాను అనుకుని, "సరే, మాట ఇస్తున్నా," అంది.

"మాటలు నాకు ఇదివరకూ ఇచ్చారు," అంది అమ్మ. "మీది ఎలాంటిదో చూస్తా."

డైరెక్టరమ్మకు కోపం రాలేదు. చెయ్యి చాచింది. అమ్మ తన చెయ్యి కొంగుకు తుడుచుకుని మరీ పట్టుకుంది.

ఆ స్థలాన్ని నేలగా మార్చడానికే చాలా రోజులు పట్టింది. అమ్మ పార పట్టుకుని తవ్వుతూ వెళ్తే వెనక ఇద్దరు జల్లెడ పట్టారు. మేకులు బకెట్ల కొద్దీ వచ్చాయి. మేస్త్రీ వాటిని చూసి, "ఇవన్నీ నా జీవితమే," అన్నాడు. పాత కథల సినిమాల కోసం స్టూడియోలో గుర్రాలున్నాయి. వాటిని చూసుకునే గుర్రాలాయన పేడ ఎక్కడ పారేయాలో తెలీక ఎప్పుడూ గొణుగుతుండేవాడు. అమ్మ వెళ్లి అడిగేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. బండి మీద బండి తోలించాడు. "తీసుకెళ్లక్కా, ఎంత కావాలంటే అంత. ఇన్నాళ్లకు మా వాటికీ ఒక వేషం దొరికింది," అన్నాడు.

విత్తే రోజున చిన్న తగువు వచ్చింది. సాళ్లు కెమెరాకు ఎదురుగా ఉంటే అందంగా ఉంటుందని డైరెక్టరమ్మ. వాలు అటు కాదని అమ్మ.

"అడ్డంగా పోస్తే ఏమవుతుంది?"

"నీళ్లు కెమెరాను చూసి పారవమ్మా. వాలును చూసి పారతాయి."

డైరెక్టరమ్మ వాలు చూసి, కెమెరాయే పక్కకు జరుగుతుందిలే అని వెళ్లిపోయింది.

నీళ్లకు కొదవ లేదు. వాన సన్నివేశాలకు వాడే గొట్టాలుండేవి. ఎత్తున కట్టి తిప్పితే సన్నగా జల్లు పడేది. మొదటిసారి దాని కింద నిలబడి అమ్మ ముఖం పైకెత్తింది. "నా జన్మలో అడిగినప్పుడు పడిన వాన ఇదేనే," అని నవ్వింది. ఆ నవ్వును నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను.

మొలక వచ్చింది. ఆకు విప్పింది. చూస్తుండగా మోకాలు దాటింది. పొద్దున చేలో పని చూసుకుని, ఎండెక్కాక దుకాణానికి వెళ్లి ఇస్త్రీ పెట్టె పట్టుకునేది అమ్మ. అక్కడ మానెయ్యమంటే ఒప్పుకోలేదు. "ఇది పోయే చేను. అది ఉండే పని. రెండూ నా చేతిలోవే," అనేది. స్టూడియోలో అందరూ చేనుపిన్ని అనడం మొదలుపెట్టారు. మొదట వేళాకోళంగా, తర్వాత పేరుగానే. భోజనాల వేళ మనుషులు క్యాంటీన్‌లో తినడం మానేసి డబ్బాలు తెచ్చుకుని గట్టు మీద కూర్చోవడం మొదలైంది. ఎవరూ పిలవలేదు. వచ్చి కూర్చునేవాళ్లు. లైట్లు చూసుకునే పెద్దాయన మితభాషి. ఒకరోజు ఆకు ఒకటి వేళ్ల మధ్య జార్చి చూసి, "పురుగు లేదు, బాగుంది," అన్నాడు. అంతే, మళ్లీ తన డబ్బాలోకి తలదూర్చాడు.

కంకి తొడిగాక పిట్టలు దిగాయి. ఈ మేడల మధ్య ఎక్కడ దాక్కునున్నాయో, వందల్లో వచ్చేవి. శబ్దాలు రికార్డు చేసే ఆయనకు పండగే. మైకు పట్టుకుని చేలో దూరేవాడు. అమ్మ ఖాళీ రంగు డబ్బా పట్టుకుని ధనధనా వాయించేది.

"పిన్నిగారూ, కాసేపు కొట్టకండి, మంచి సౌండు వస్తోంది!"

"నీకు సౌండొస్తోంది, నాకు గింజ పోతోంది. పాట అయిపోయిందా లేదా? అయ్యాక చెప్పు."

హీరోయిన్‌కు పొలం దుస్తులు కుట్టే పని నాకు పడింది. దుస్తుల విభాగం పెద్ద గీసిచ్చిన బొమ్మలో భుజాన పెద్ద చిరుగు, మోకాళ్ల దగ్గర రంగురంగుల అతుకులు, అంచంతా మట్టి మరకలు ఉన్నాయి. అలాగే కుట్టి, ఇంటికి తెచ్చి, అంచుకు మట్టిరంగు అద్దుతుంటే అమ్మ చూసింది.

"ఎవరికే ఇది?"

"హీరోయిన్‌కు. రైతు వేషం."

"రైతు వేషమా, ముష్టి వేషమా?" అమ్మ ఆ బట్టను వెలుతురుకు ఎత్తి పట్టింది. "మేం పొలానికి పనికి వెళ్లేవాళ్లం, అడుక్కోవడానికి కాదు. పాత బట్టలే కట్టేవాళ్లం, ఒప్పుకుంటా. కానీ చిరుగు కనబడనిచ్చేదాన్నా నేను? నా రవికలు నువ్వు చూడలేదూ?"

చూశాను. నేను కుట్టుపని నేర్చుకున్నదే ఆ రవికలు చూసి. చినిగిన చోట అదే రంగు దారం తీసి, నేతలో నేత కలిసిపోయేలా అల్లేది. వేలు పెట్టి తడిమితే తప్ప తెలిసేది కాదు. ఆ వేషానికి వేసిన అతుకులన్నీ విప్పేశాను. ఉతికాను. చిరుగును అమ్మ పద్ధతిలో అల్లాను. కొలతలు చూడ్డానికి వచ్చిన హీరోయిన్, చిన్నపిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఇది వేసుకుంటే వెన్ను నిటారుగా అవుతోందక్కా," అంది. విభాగం పెద్ద ఏదో అనబోయాడు గాని, డైరెక్టరమ్మ గుమ్మంలో నిలబడి చూసి తలూపేసరికి ఊరుకున్నాడు.

కంకులు పాలు తగ్గి గట్టిపడుతున్నాయి. ఇంకో వారం ఉంటే కోతకు రావచ్చని అమ్మ అంచనా. సరిగ్గా అప్పుడు డైరెక్టరమ్మ ఒంటరిగా చేను దగ్గరికి వచ్చింది. నడక చూస్తేనే తెలిసిపోయింది, మంచి కబురు కాదని.

"అమ్మగారూ, షూటింగ్ ముందుకు జరిగింది. బుల్డోజర్ రేపు తప్ప మళ్లీ దొరకదంటున్నారు. ఎల్లుండి హీరోయిన్ వేరే సినిమాకు వెళ్లిపోతుంది. రేపు మధ్యాహ్నం ఎండ వాలాక షాట్." ఆగింది. "మీకిచ్చిన మాట నాకు గుర్తుంది. ఏం చెయ్యాలో తెలియక మీ దగ్గరికే వచ్చాను."

మళ్లీ అదే. మనిషి మారింది, మాట మారింది, యంత్రం మాత్రం మళ్లీ ముందే వస్తోంది. అమ్మ వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

అమ్మ ఒక కంకి వంచి, గింజ తీసి పంటి కింద వేసుకుంది. టక్కున విరిగింది.

"రేపు మధ్యాహ్నం అన్నావు కదూ?" అంది.

"అవునమ్మా."

"మరింకేం, పొద్దునుంది."

"ఇంత చేను, మీరొక్కరే..."

"నువ్వు వచ్చి ముందుగా చెప్పావు. అది చాలు. మిగతాది నా పని."

ఆ సాయంత్రం అమ్మ తన కొడవలిని నూరుకుంది. ఊరు నుంచి పెట్టెలో బట్టల అడుగున తెచ్చుకున్న ఒకే ఒక్క కొడవలి అది. నేను కుట్టు గదిలో పెద్ద కత్తెరలు రెండు సంచిలో వేసుకున్నాను. నాతో పనిచేసేవాళ్లు ఎందుకని అడిగారు. చెప్పాను. అంతకు మించి నేనేం చెయ్యలేదు, ఎవర్నీ రమ్మనలేదు.

తెల్లారేసరికి అమ్మా నేనూ చేలో ఉన్నాం. కెమెరా వాటాకు హద్దుగా అమ్మ ఒక తాడు కట్టింది. దాని వెనక నుంచి మొదలుపెట్టింది. ఎడం చేత్తో కర్రను వంచడం, కుడి చేత్తో కంకిని తెంపడం, వెనక కట్టుకున్న సంచిలో వెయ్యడం, మూడూ ఒకే కదలికలా ఉండేవి. నేను కత్తెరతో కిందామీదా పడుతున్నాను.

మొదట వచ్చింది కుట్టు గదివాళ్లు. నలుగురూ నాలుగు కత్తెరలు పట్టుకుని వరసల్లోకి దిగారు. తర్వాత మేస్త్రీ, వెంట వడ్రంగులు, చేతుల్లో ఉలులూ కత్తులూ. మేకప్ అక్క కనుబొమలు సరిచేసే చిన్న కత్తెర పట్టుకొస్తే అందరూ గొల్లుమన్నారు.

"నవ్వండర్రా! పదహారేళ్లు వచ్చేదాకా కోతలు కోసినదాన్ని. ఎవరైనా ఓ మంచి కత్తి ఇవ్వండి, అప్పుడు చూపిస్తా," అంది. వడ్రంగి ఒకాయన తన కత్తి ఇచ్చాడు. నిజంగానే చూపించింది. మేం ఒక వరసలో సగానికి రాకముందే ఆవిడ రెండో వరసలోకి తిరిగింది.

గుర్రాలాయన బండి తెచ్చి గట్టున ఆపాడు. క్యాంటీన్ ఆడవాళ్లు గోనెలు తెచ్చారు. లైట్ల పెద్దాయన వచ్చి, చెప్పులు విప్పి గట్టు మీద పక్కపక్కన పెట్టి, చేలోకి అడుగుపెట్టి కాసేపు అలా నిలబడిపోయాడు. ఆయన పాదాలు మట్టిలోకి కొద్దిగా దిగాయి. "మాది నల్లరేగడి," అన్నాడు అమ్మతో. "ఆనకట్ట కింద పోయింది."

"ఎంత?"

"నలుగురు అన్నదమ్ములకు సరిపోయేంత."

"పెద్ద చేనే. రండన్నయ్యా, ఈ వరస మీది," అంది అమ్మ.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్లుగా ఒకే గేటులోంచి లోపలికి వస్తున్నాం, ఒకే క్యాంటీన్‌లో తింటున్నాం. వీళ్లలో సగం మందికి వెనకాల ఎక్కడో ఒక పొలం ఉంది. ఆనకట్ట కిందో, ఫ్యాక్టరీ కిందో, అన్నదమ్ముల తగువుల్లోనో పోయింది. ఎవరూ చెప్పుకోలేదు. చేతులు మాత్రం ఏదీ మరిచిపోలేదు. కర్రను ఎంత వంచితే విరగకుండా వస్తుందో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఎవరో పాట అందుకున్నారు. అవతలి వరసలోంచి ఎవరో అందులో తప్పు పట్టి, తమ ఊళ్లో పాడే తీరు అది కాదన్నారు. ఇద్దరూ తమ తమ పద్ధతిలో పోటీగా పాడారు. మాకు పని తొందరగా సాగింది.

ఎండెక్కుతుండగా డైరెక్టరమ్మ వచ్చింది. చూస్తూనే ఆగిపోయింది. ఆ కళ్లలో ఏం మెరిసిందో నాకు అర్థమైంది. పక్కనున్న కెమెరామన్ చెయ్యి తట్టింది. అతను కెమెరా భుజానికి ఎత్తుకున్నాడు.

"వద్దు," అంది అమ్మ. గొంతు పెంచలేదు, కానీ పాట ఆగిపోయింది. "మధ్యాహ్నం నీ సినిమా. ఇప్పుడు ఇది సినిమా కాదు, కోత. చెయ్యి కలుపుతానంటే రా తల్లీ. లేదంటే గట్టు మీద కూర్చో."

డైరెక్టరమ్మ ఎత్తమన్న కెమెరాను ఇంకొకరు వద్దనగా అంతవరకు ఎవరం వినలేదు. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణమే. చేతి గడియారం విప్పి కెమెరామన్‌కు ఇచ్చి, "నాకు రాదు, చెప్పండి," అంటూ తాడు దాటి వచ్చింది. కెమెరామన్ ఆ కెమెరాను గట్టు మీద కండువా పరిచి పెట్టి, తానూ దిగాడు. డైరెక్టరమ్మ కోసింది తక్కువ, విరగ్గొట్టింది ఎక్కువ. చివరికి మేకప్ అక్క ఆవిడకు గోనె పట్టుకునే పని అప్పగించింది. హీరోయిన్ కూడా నేను కుట్టిన బట్టల్లోనే వచ్చింది. భోజనాల వేళకు అరచేతుల్లో బొబ్బలెక్కాయి. మేకప్ అక్క వాటిని కప్పబోతే, "ఉండనివ్వండి," అని చెయ్యి లాక్కుంది.

మధ్యాహ్నానికి తాడు వెనక ఒక్క కంకి మిగల్లేదు. గోనెలన్నీ గుర్రబ్బండి ఎక్కాయి. అమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి గోనె మూతీ లాగి చూసుకుంది. "పంట దించేశాం," అంది. "ఇక రానివ్వండి."

బుల్డోజర్ వెనక గేటులోంచి వచ్చింది. నడిపే అతను ముప్పై ఏళ్లవాడు. దిగి అమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎవరు చెప్పారో, సంగతంతా తెలిసినట్టుంది.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. నాదేం లేదు, తోలమన్నారు."

"నీదేం లేదు బాబూ. చెప్పి వచ్చావు. వెళ్లు, సరిగ్గా తోలు."

అందర్నీ కెమెరా వెనక్కు జరిపారు. ఎండ వాలింది. ముందు వరసల్లో కంకులు తెల్లగా మెరుస్తున్నాయి. వాటి వెనక ఖాళీ చొప్ప నిండుచేనులా నిలబడింది. నేను అమ్మ పక్కన నిలబడ్డాను. కావాలంటే ఇంటికి వెళ్దామన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

ఇంజను గర్జించింది. యంత్రం పలక కిందికి దిగి చేలోకి దూసుకుపోయింది. పటపటమని కర్రలు విరిగిన చప్పుడు మొదట, తర్వాత ఆ చప్పుడు కూడా ఇంజను రొదలో కలిసిపోయింది. చేను ఒక పక్కకు ఒరిగింది, పడింది, మట్టిలోకి వెళ్లింది. అమ్మ కళ్లు తిప్పుకోలేదు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, యంత్రం ఎటు వెళ్తే అటే చూసింది. నా చెయ్యి పట్టుకుంది గాని, ఆసరాకు కాదు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఇంతేనా?" అంది మెల్లగా. "ఇంత తొందరగా అయిపోయిందా ఆరోజు?"

నేను ఆ చెయ్యి వదల్లేదు.

అటు కెమెరా ముందు హీరోయిన్ పరిగెత్తుకొచ్చింది. రాసుకున్న ప్రకారం ఆ అమ్మాయి యంత్రం ముందు కూలబడి, నడిపేవాడి కాళ్లు పట్టుకుని గుండెలవిసేలా ఏడవాలి. కానీ కూలబడలేదు. పడిపోయిన చేను అంచున నిలబడింది. బొబ్బలెక్కిన చేతులు రెండూ పక్కలకు వదిలేసి యంత్రం కళ్లలోకి చూసినట్టు చూసింది. వెన్ను నిటారుగా ఉంది. డైరెక్టరమ్మ ఆపమనలేదు. చివరికి, "చాలు," అంది.

ఆ అమ్మాయి తిన్నగా అమ్మ దగ్గరికి వచ్చింది. "సారీ పిన్నిగారూ. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది."

"ఏడవడానికి అదేం దిక్కులేని చేనా?" అని అమ్మ ఆ అమ్మాయి చేతులు రెండూ తీసుకుని బొబ్బలు చూసింది. "కొబ్బరినూనె రాసుకో. రెండు రోజుల్లో తగ్గుతుంది."

కంకుల్ని స్టూడియోలో నాట్యాల కోసం వేసిన చెక్క నేల మీద ఆరబోసి, కొట్టి, తూర్పారబట్టాం. గాలి చాలకపోతే తుపాను సన్నివేశాలకు వాడే పెద్ద పంకా పెట్టారు. పొట్టు అంతా ఎగిరి మేస్త్రీ జుట్టులోకి చేరింది. గింజ తెల్లగా, బరువుగా కుప్పపడింది. కోతకు దిగిన ప్రతివాళ్లకూ అమ్మే తన చేత్తో కొలిచి పోసింది. మిగిలిపోయిన గుడ్డముక్కలతో నేను సంచులు కుట్టాను. రాజుగారి అంగీ పట్టులో కొందరు, సైనికుల ఖాకీలో కొందరు జొన్నలు పట్టుకెళ్లారు. లైట్ల పెద్దాయన తన సంచిని రెండు చేతులతో అందుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లాడని తర్వాత విన్నాం. డైరెక్టరమ్మకు కూడా వాటా ఇచ్చింది అమ్మ, గోనె పట్టినందుకు.

ఆ స్థలంలో ఇప్పుడు చేను లేదు. కొన్నాళ్లకు ఏదో వీధి సెట్ కోసం సిమెంటు పోశారు. చెప్పడానికి నేను జంకుతుంటే అమ్మే అంది, "తెలుసులే. నిన్న అటు నుంచే వచ్చా." చేతిలోని చొక్కా మడతపెట్టి, "పంట ఇంటికొచ్చాకే పోయింది కదా," అని ఇస్త్రీ బల్ల మీద ఇంకో చొక్కా పరిచింది.

సినిమా విడుదలైనప్పుడు ఇద్దరం మామూలుగా టికెట్ తీసుకుని చూశాం. చేను సన్నివేశం వచ్చినప్పుడు హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. అయిపోయి లేస్తుంటే వెనక వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ పక్కావిడతో అంటోంది: "ఎంత నిజంగా ఉందో! కానీ అదంతా కంప్యూటర్లో చేస్తారట. ఈ రోజుల్లో చేలు ఎక్కడున్నాయి?"

అమ్మ ఆగింది. వెనక్కు తిరిగింది.

"కంప్యూటర్లో కాదమ్మా," అంది. "నేను పండించాను."

ఆవిడ తెల్లబోయి చూసింది. వెనకనుంచి మనుషులు తోసుకొస్తున్నా అమ్మ కదల్లేదు.

"తిన్నాం కూడా," అంది.